ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో వేసిన పిటిషన్ అది. 2017 డిసెంబరులో ఇచ్చిన ఆదేశాలు సరిగ్గా అమలు కావడం లేదని తేలాక కోర్టు మళ్లీ విచారణ చేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద కేంద్రం 2017లో తయారు చేసిన నిబంధనల్లో 15వ నిబంధన మొదటి భాగం చెల్లదని చెప్పింది. చట్టం ‘తప్పనిసరి’ అన్నదాన్ని ఆ నిబంధన ‘చేస్తే మంచిది’ అనే సలహా స్థాయికి దించిందని కోర్టు అభిప్రాయం. భవనాలకు, బస్సులకు, వెబ్‌సైట్లకు ఇంతకు తగ్గడానికి వీల్లేదనే కనీస ప్రమాణాలను మూడు నెలల్లో ఖరారు చేయమని ఆదేశించింది. ఆ తీర్పుకు ముందు దేశంలో పరిస్థితి ఎలా ఉందో అధ్యయనం చేసి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్ల వికలాంగ అధ్యయన కేంద్రమే. కోర్టు ఇచ్చిన మూడు నెలలూ 2025 ఫిబ్రవరితో నిండిపోయాయి.

ఈ తీర్పు సంగతి స్త్రీల సమావేశాల్లో ఎత్తినప్పుడల్లా నాకు దాదాపు ఒకే జవాబు వస్తోంది. “వెబ్‌సైట్ల గొడవ పట్నం వాళ్లది, చదువుకున్న వాళ్లది. మన దగ్గర వికలాంగ స్త్రీకి కావలసింది పింఛను, ఇల్లు, భద్రత” అని. ప్రభుత్వాధికారి ఈ మాట అంటే అర్థం చేసుకోగలను, అతనికి పని తప్పుతుంది. మన వాళ్లు అంటేనే బాధ. పింఛను, ఇల్లు, భద్రత ఈ రోజు ఎక్కడున్నాయి? తెరకు అవతల ఉన్నాయి. వికలాంగ ధ్రువపత్రాన్ని యూడీఐడీ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో మాత్రమే ఇవ్వాలని 2021 జూన్ 1 నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. అంటే ‘నేను వికలాంగురాలిని’ అని రాజ్యానికి చెప్పుకోవాలన్నా ముందు ఆ తెర దాటాలి. దాటలేకపోవడమే ఆమె వైకల్యమైతే ఏం చెయ్యాలి?

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఇది. వికలాంగులు వాడలేని ప్రభుత్వ వెబ్‌సైటును మనం సాంకేతిక లోపంగా చూస్తున్నాం. స్త్రీల వైపు నుంచి చూస్తే అది వికలాంగ స్త్రీకి రావలసిన హక్కును తీసుకెళ్లి, ఆ ఇంట్లో చూపూ ఫోనూ ఉన్న మగవాడి చేతిలో పెట్టే ఏర్పాటు. చట్టం ఆమెకు ఇచ్చినదాన్ని వెబ్‌సైటు ఆమె మరిదికి ఇస్తోంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. కొంతకాలంగా నేను సింగరేణి ప్రాంతంలో వికలాంగ స్త్రీలతో మాట్లాడుతున్నాను. అందులో ఎక్కువ రోజులు గడిపింది గోలేటిలో. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో ఉన్న గోలేటి, సింగరేణి వాళ్ల బెల్లంపల్లి ఏరియాకు టౌన్‌షిప్. కంపెనీ క్వార్టర్లు, చుట్టూ పాత పల్లె, రిటైరైన కార్మికులు కట్టుకున్న ఇళ్లు. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. 2016 చట్టం ‘ప్రభుత్వ సంస్థ’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో ప్రభుత్వ కంపెనీలు కూడా ఉన్నాయి కాబట్టి ఈ చట్టం కలెక్టరేటుకు ఎంత వర్తిస్తుందో సింగరేణికీ అంతే వర్తిస్తుంది.

బొగ్గు బావుల ఊళ్లలో వైకల్యం కొత్త సంగతి కాదు. పైకప్పు కూలి నడుము పడిపోయిన వాళ్లు, హాలేజీ తాడు తగిలి కాలు పోగొట్టుకున్న వాళ్లు, బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన వాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వాళ్లకు ఒక దారి ఉంది. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ‘అన్‌ఫిట్’ అని తేలితే వారసుడికి ఉద్యోగం. ఆ దారిలో ఏ కాగితం ఎక్కడ పెట్టాలో, ఎవరి సంతకం కావాలో నోటికి చెప్పగల పిట్ సెక్రటరీలున్నారు, యూనియన్లున్నాయి. ‘అన్‌ఫిట్ అయిండు’ అనే మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. కార్మికులు పోరాడి సాధించుకున్న దారి అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ దారి ఎవరి శరీరం కోసం వేసిందో చూడాలి. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భ గనుల్లో పని చేయనివ్వలేదు. ఆ నిషేధాన్ని 2019లో సడలించారు. అంతకాలమూ ఇక్కడ కంపెనీ లెక్కలోకొచ్చే గాయపడ్డ దేహం దాదాపు ఎప్పుడూ మగదేహమే. స్త్రీకి చూపు పోతే, చెవులు వినపడకపోతే, పక్షవాతం వస్తే అది ఇంటి సంగతి. దానికి బోర్డు లేదు, పిట్ ఆఫీసు లేదు, యూనియన్ లేదు. ఆమెకు ఉన్నదల్లా ఒక వెబ్‌సైటు చిరునామా.

గోలేటిలో నేను కలిసిన ఒకామెకు నలభై ఏళ్లు దాటాయి. పెళ్లైన కొన్నేళ్లకు చూపు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. భర్త లేడు. అత్తింట్లోనే ఉంటుంది. ఆమె ఫోను వాడే తీరు చూస్తే మనలో చాలామంది సిగ్గుపడాలి. టాక్‌బ్యాక్ అని ఫోన్లోనే ఉండే సదుపాయం తెర మీద రాసింది చదివి వినిపిస్తుంది. దాని మాట ఎంత వేగంగా పెట్టుకుందంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె వింటూనే చెల్లెలికి వాట్సాప్‌లో జవాబు చెబుతోంది, యూట్యూబులో తనకు కావలసింది వెతుక్కుంటోంది. ఫోను తనది కాదు, చెల్లెలు కొనిచ్చింది. కానీ ఆధార్‌కు ఇచ్చిన నంబరు మాత్రం మరిదిది. నమోదు చేయించిన రోజున ఇంట్లో ఫోనున్నది అతనికే.

“నా పింఛను పడ్డదా లేదా నాకే తెల్వది మేడం. ఓటీపీ మా మరిదికి వస్తది. ఆయన ఇంట్ల ఉంటె చెప్తడు, లేకుంటె లేదు. ఎన్నిసార్లని అడుగుత? అడిగితె, నీ పైసలు నేను తింటున్ననా అంటడు.”

ఆమె తనంతట తాను చేయాలని ప్రయత్నించకపోలేదు. నా ఎదురుగా ఒక ప్రభుత్వ పోర్టల్ తెరిచింది. ఫోను చదవడం మొదలుపెట్టింది. “బటన్. బటన్. లింక్. ఇమేజ్. లింక్. బటన్.” ఏ బటన్ ఏమిటో చెప్పదు. ఒక గడిలో వేలు పెడితే “ఎడిట్ బాక్స్” అంటుంది, అందులో పేరు రాయాలో ఊరు రాయాలో చెప్పదు. గుర్తుపెట్టుకున్న లెక్కతో ఆమె మూడు గడులు నింపింది. చివర బొమ్మలో వంకరటింకర అక్షరాలు. అవి చూసి టైపు చేస్తేనే మనిషి అని నమ్ముతుందట ఆ యంత్రం. ఫోను “ఇమేజ్” అని ఊరుకుంది. “ఇగ ఇక్కడ్నే ఆగుతది” అని ఆమె ఫోను పక్కన పెట్టేసింది. ఆమె నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు.

ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, కాస్త వివరిస్తాను. తెర చదివే సాఫ్ట్‌వేరుకు కళ్లుండవు. పేజీ వెనక రాసిన అక్షరాలను అది చదువుతుంది. బొమ్మ పెట్టి దాని కింద ఒక వాక్యం రాయకపోతే దానికి అది ఒట్టి బొమ్మే. గడి పక్కన ‘పేరు’ అని కంటికి కనిపించేలా రాస్తే చాలదు, ఆ గడికీ ఆ మాటకీ వెనక ముడి వేయాలి. జీవోను ముద్రించి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి పెడితే అది ఫొటో అవుతుంది, అందులో ఒక్క అక్షరమూ వినపడదు. మన తెలుగుకు ఇంకో బెడద ఉంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్లలో తెలుగు అక్షరం కంటికి తెలుగే గాని, లోపల దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అలా కొట్టిన కరపత్రాన్ని పీడీఎఫ్ చేసి పెడితే తెర చదివే సాఫ్ట్‌వేరు అర్థంపర్థం లేని శబ్దాలు చేస్తుంది. వినికిడి లేనివాళ్లకు ఇంకో రకం గోడ: వీడియోకు కింద అక్షరాలుండవు, సందేహమొస్తే ఫోన్ చేయమని నంబరు ఇస్తారు. చేతులు వణికే వాళ్లు, ఒక చేతితో టైపు చేసే వాళ్లు గడి నింపేలోగా ఓటీపీ గడువు అయిపోతుంది.

ఇవన్నీ సరిచేసే పద్ధతులు నిన్న మొన్న కనిపెట్టినవి కావు. వెబ్‌సైట్లకు అంతర్జాతీయ ప్రమాణాల మొదటి రూపం 1999 మేలో వచ్చింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటును తాను వాడలేకపోతున్నానని బ్రూస్ మాగ్వైర్ అనే చూపులేని ఆయన ఫిర్యాదు చేసి గెలిచాడు. నిర్వాహకులు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టవలసి వచ్చింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, 2023లో మూడో కూర్పు కూడా వచ్చింది. సుగమ్య భారత్ అభియాన్ 2015 డిసెంబరు 3న మొదలైంది. కోర్టు కొట్టేసిన 2017 నిబంధనలోనే వెబ్‌సైట్లు ఈ మార్గదర్శకాల ప్రకారం ఉండాలనీ, వెబ్‌సైట్లో పెట్టే పత్రాలు సాఫ్ట్‌వేరు చదవగలిగే రూపంలో ఉండాలనీ రాశారు. తెలియక చేయని పనులు కావివి.

చేసినట్టు కనిపించే పని మాత్రం చేశారు. ప్రభుత్వ వెబ్‌సైట్లలో పై మూలన చిన్నదిగా ‘ఏ ప్లస్, ఏ, ఏ మైనస్’ అని ఉండటం చూసే ఉంటారు. నొక్కితే అక్షరాలు పెద్దవో చిన్నవో అవుతాయి. పక్కన రంగు మార్చే బటన్. ఇంకా కొన్నింట్లో ‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ అని ఒక పేజీ. అందులో తెర చదివే సాఫ్ట్‌వేర్లు ఏవి, ఎక్కడ దొరుకుతాయి అని జాబితా. అంటే ఇరవై మెట్లున్న ఆఫీసు ముందు చక్రాల కుర్చీలు అమ్మే దుకాణాల చిరునామాలు రాసి బోర్డు పెట్టినట్టు. చూపులేని వాళ్ల దగ్గర సాఫ్ట్‌వేరు ఉంది. వాళ్లకు కావలసింది ఆ సాఫ్ట్‌వేరు చదవగల పేజీ.

ఇప్పుడు వచ్చే ప్రశ్న నాకు తెలుసు. “మీసేవ ఉంది కదా. మనిషి కూర్చుని అన్నీ చేసిపెడతాడు కదా” అంటారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసేయను. 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చినప్పుడు మనకు చెప్పిన మాట ఏమిటంటే కంప్యూటరు వస్తే దళారీ పోతాడని. పాత ఆఫీసుల మీద నాకేమీ ప్రేమ లేదు. గుమాస్తా ఎదుట గంటల తరబడి నిలబడ్డ స్త్రీలను ఎరిగిన దాన్నే. కానీ వికలాంగ స్త్రీ విషయంలో దళారీ పోలేదు, అతనికొక కంప్యూటరు వచ్చింది. ఆమె ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, వైకల్యం ఎంత శాతమో, మొగుడు ఉన్నాడో వదిలేశాడో అన్నీ ఆమె వీధి మూల ఇంటర్నెట్ సెంటర్లో నలుగురి ముందు గట్టిగా చెప్పాలి. చూపులేదు కాబట్టి అతను ఏం టైపు చేశాడో ఆమెకు తెలియదు. వినపడదు కాబట్టి పక్కవాడు ఏమన్నాడో తెలియదు. పాస్‌వర్డు అతనే పెట్టి, అతనే రాసుకుంటాడు. గోలేటిలో వినికిడి లేని ఒక డిగ్రీ చదివిన అమ్మాయి కాగితం మీద రాసి చూపించింది: “నా దరఖాస్తులన్నీ ఆ అన్న ఈమెయిల్ మీదనే ఉన్నయి. ఆయన షాపు తీసేస్తే నేను ఏడికి పోవాలె?” ఆ షాపు అతను చెడ్డవాడేమీ కాదు, డబ్బు కూడా తక్కువే తీసుకుంటాడట. అతని మంచితనం మీద ఆమె ఉద్యోగం ఆధారపడవలసి రావడమే నా అభ్యంతరం.

ఇంతకంటే కష్టమైన సంగతి ఇంకోటుంది. ఇంట్లో కొట్టేవాడి మీద ఫిర్యాదు చేయాలంటే ఏ ఫోను మీదుగా చేస్తుంది? గర్భం వద్దనుకున్న స్త్రీ ఆసుపత్రి సమాచారం ఎవరి చేత చదివించుకుంటుంది? ఆస్తిలో వాటా అడగదలచుకున్న చెల్లెలు రికార్డు చూసి చెప్పమని ఏ అన్నను అడుగుతుంది? 181కి ఫోన్ చేయమంటారు, వినపడని మాట్లాడలేని స్త్రీ ఏం చెబుతుంది? చూపున్న స్త్రీకి కూడా ఇవి సులువు కాదు, ఒప్పుకుంటాను. కానీ తలుపు వేసుకుని, ఎవరికీ తెలియకుండా, ఒక రాత్రి ఫోనులో వెతుక్కునే అవకాశమైనా ఆమెకుంటుంది. రాజ్యంతో ఒంటరిగా మాట్లాడగలగడం అనేది స్త్రీకి చిన్న విషయం కాదని మనకు అనుభవం మీద తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం అక్షరాస్యతా తరగతుల్లోంచి పుట్టింది. ఒకరు చదివి వినిపిస్తే విన్న స్త్రీలు కాదు, తమ పాఠాన్ని తాము చదువుకున్న స్త్రీలు దుకాణాలు మూయించారు. చదువు గురించి మనం ఇన్నేళ్లుగా అంటున్నదే వెబ్‌సైటు గురించి ఎందుకు అనలేకపోతున్నాం?

చట్టం ఈ సంగతి గుర్తించింది. 2016 చట్టం 4వ సెక్షన్ వికలాంగ స్త్రీలు, పిల్లలు ఇతరులతో సమానంగా హక్కులు అనుభవించేలా చూడటం ప్రభుత్వాల బాధ్యత అంటుంది. 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్న సమాచారమంతా అందుబాటు రూపంలో ఉండాలంటుంది. వీటికంటే 13వ సెక్షన్ నాకు ముఖ్యం. వికలాంగులకు తమ ఆర్థిక వ్యవహారాలను తామే చూసుకునే హక్కు ఉందని అది చెబుతుంది. వాళ్లకు సహాయం చేసే మనిషికీ వాళ్లకూ డబ్బు, ఆస్తి విషయంలో ప్రయోజనాలు ఎదురుపడితే ఆ మనిషి సహాయం నుంచి తప్పుకోవాలంటుంది. సహాయం చేసేవాళ్లు ఒత్తిడి పెట్టకూడదనీ, ఆమె స్వేచ్ఛనూ గౌరవాన్నీ ఏకాంతాన్నీ కాపాడాలనీ అంటుంది. పార్లమెంటు ఇంత జాగ్రత్తగా రాసిన సెక్షన్‌ను, ఒక బొమ్మలో వంకర అక్షరాలు పెట్టి రద్దు చేశారు. పింఛను పడ్డ సందేశం మరిది ఫోనుకు పోతుంటే అతను తప్పుకునేదెట్లా? ఆ ఏర్పాటు అతను చేసుకున్నది కాదు, ప్రభుత్వం అతనికి చేసిపెట్టింది.

తెలంగాణలో వికలాంగుల పింఛను 2014లో 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఇంట్లో సంపాదన లేని స్త్రీ పేరు మీద నెలకు నాలుగు వేలు రావడం కుటుంబంలో ఆమె స్థానాన్ని కొంతైనా మార్చాలి. కొన్ని ఇళ్లలో మార్చింది కూడా. డబ్బు పడిందని ముందు ఎవరికి తెలుస్తుందన్న దాన్ని బట్టి ఆ మార్పు ఉంటోందని నా పరిశీలన. పింఛను ఎంత పెంచాలన్న దాని మీద అసెంబ్లీలో గంటలకొద్దీ మాట్లాడతారు. అది ఆమెకు తెలిసే దారి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయరు.

‘ఎంతమంది ఉన్నారని ఇంత గొడవ’ అనే వాళ్లకు లెక్కలూ చెప్పాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, వాళ్లలో స్త్రీలు 1 కోటి 18 లక్షలు. వికలాంగ పురుషుల్లో చదవడం రాయడం వచ్చినవాళ్లు 62 శాతం, స్త్రీలలో 45 శాతం. ఈ 45 చూపించి ‘చదువే రాని వాళ్లకు వెబ్‌సైటు ఎందుకు’ అంటారు. మాట వినిపించే సదుపాయం చదువు రాని స్త్రీకి కూడా పనికొస్తుందని వాళ్లకు తట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ, పురుషులు సగానికి పైగా. చూపున్న స్త్రీల సంగతే ఇది. పైగా 2011 లెక్కల్లో అడిగిన వైకల్యాలు 8 రకాలు, 2016 చట్టం గుర్తించినవి 21. తర్వాతి జనగణన 2027లో డిజిటల్ పద్ధతిలో జరుగుతుందనీ, ఎవరి వివరాలు వాళ్లే పోర్టల్‌లో నింపుకోవచ్చనీ కేంద్రం 2025లో ప్రకటించింది. నింపేది ఎవరో మనం ఊహించగలం. ఇంటి పెద్ద నింపుతాడు, పెళ్లి కావలసిన కూతురికి వినపడదని రాయడు. అప్పుడు ‘ఎంతమంది ఉన్నారని’ అనే ప్రశ్న మళ్లీ వేస్తారు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఇది నేరుగా స్త్రీలకు సంబంధించింది. ప్రజ్ఞా ప్రసూన్ యాసిడ్ దాడి నుంచి బతికి బయటపడిన స్త్రీ. బ్యాంకు ఖాతా తెరవడానికి వెళితే కెమెరా ముందు కనురెప్పలు ఆడించమన్నారు, బతికున్న మనిషి అని రుజువుకు. యాసిడ్ ఆమెకు రెప్పలు మిగల్చలేదు. చూపులేని అమర్ జైన్ వేసిన పిటిషన్‌తో కలిపి విచారించి, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. 20 ఆదేశాలు ఇచ్చింది. చదువుతుంటే నాకు 2008 డిసెంబరు గుర్తొచ్చింది. వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోస్తే, మూడు రోజుల్లో ముగ్గురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. జనం పూలదండలు వేశారు. స్త్రీలకు న్యాయం జరిగిందన్నారు. దాడి తర్వాత బతకవలసిన స్త్రీకి ఎన్ని కౌంటర్ల దగ్గర తన ముఖం తనదేనని రుజువు చేసుకోవలసి వస్తుందో ఆ పూలదండల రోజున ఎవరూ ఆలోచించలేదు. తుపాకీకి పట్టిన మూడు రోజులు చాలు, వెబ్‌సైటు సరిచేయడానికి మాత్రం పదహారేళ్లు చాలవు.

ఇంకో చిన్న మాట. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో సూచించాక ‘దివ్యాంగులు’ అనే మాట ప్రభుత్వ కాగితాల్లోకి వచ్చేసింది. స్త్రీలను దేవతలని పిలిచినప్పుడల్లా ఏదో ఒక హక్కు తగ్గుతుందని మనకు అలవాటైన అనుమానం ఉంది కదా. ఆ అనుమానాన్ని ఇక్కడ కూడా పెట్టుకోమంటాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలు మొదలుపెట్టారు. గోలేటిలో నేను చూసినామె వాట్సాప్ వాడినంత హాయిగా ఏ పోర్టల్‌నూ వాడలేదు కాబట్టి ఇలాంటివి మేలేనని నాకనిపిస్తుంది. అయితే వాట్సాప్‌లో వచ్చే పత్రం కూడా ఫొటోయే అయితే, ఓటీపీ మళ్లీ మరిది ఫోనుకే పోతే, గోడ స్థలం మారిందంతే. అందుకే అడగవలసింది ముందుగా చాలా మామూలు విషయాలు. వికలాంగ స్త్రీ తన పేరు మీద, తన నంబరుతో ఆధార్, బ్యాంకు ఖాతా మార్చుకోవడానికి ఊళ్లోకే శిబిరం రావాలి, ఇంట్లోవాళ్ల సంతకం అడగకుండా. బొమ్మ అక్షరాల పరీక్షకు బదులు చూపులేని వాళ్లూ దాటగల పద్ధతి పెట్టాలి. ఏ వెబ్‌సైటునైనా కాంట్రాక్టరు అప్పగించే ముందు దాన్ని తెర చదివే సాఫ్ట్‌వేరుతో వాడే మనిషి, అందులోనూ తెలుగులో వాడే మనిషి, కూర్చుని పరీక్షించి సంతకం పెట్టాలి. ఆ పనికి ఆమెకు జీతం ఇవ్వాలి. చట్టం 89వ సెక్షన్ మొదటి ఉల్లంఘనకు 10,000 రూపాయల వరకు, ఆ తర్వాతి వాటికి 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా పెట్టింది. ఈ సెక్షన్ కింద ఏ ఆఫీసైనా వెబ్‌సైటు గురించి జరిమానా కట్టిందా అని నేను అడిగిన అధికారి ఒకరు, “మేడం, వాళ్లకు మేమే టైపు చేసి పెడుతున్నం గదా” అన్నారు.

ఇది చదువుతున్న వాళ్లు చేయగల పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం 2005లోనే, 7వ సెక్షన్ 4వ ఉపసెక్షన్‌లో, చూపు వినికిడి లాంటి ఇంద్రియ వైకల్యం ఉన్న మనిషికి సమాచారం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆ సమాచారం ఆమె అందుకునేలా సహాయపడటం అధికారి బాధ్యత అని ఉంది. రాసి ఇవ్వలేని వాళ్లు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారి సాయం చేయాలని 6వ సెక్షన్‌లో ఉంది. మన సంఘాల్లోని వికలాంగ స్త్రీలు తమ పేర్లతోనే దరఖాస్తులు పెట్టవచ్చు. మీ వెబ్‌సైటును వికలాంగులు వాడగలరని ఎవరు, ఏ తేదీన పరీక్షించారు, ఆ కాగితం నకలు నా ఫోను చదవగలిగే రూపంలో ఇవ్వండి అని అడగవచ్చు. కలెక్టరేటుకు ఒకటి, జిల్లా సంక్షేమ శాఖకు ఒకటి, సింగరేణికి ఒకటి. జవాబు స్కాన్ చేసిన ఫొటోగా వస్తే అదే సాక్ష్యం. దాన్ని పట్టుకుని 80వ సెక్షన్ కింద రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరకు పోవచ్చు. గోలేటిలో ముగ్గురు ఇలా దరఖాస్తు పెడతామన్నారు. మరిది ఫోను మీద ఓటీపీలు వస్తున్నామె చెల్లెలి చేత కొత్త సిమ్ము తెప్పించుకుంది. ఆధార్‌లో నంబరు మార్పించుకోవడానికి నేను తోడు వస్తానంటే వద్దంది.

“మీరెందుకు మేడం, తొవ్వ నాకు ఎరికే. ఆడ నా నంబరు నేనే చెప్త.”